ల్యాప్‌టాప్‌కు వచ్చే ఇంటర్నెట్‌ను వైఫై ద్వారా ఫోనుకు అందించడం: సమగ్ర మార్గదర్శి

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉండి, గోడకు బిగించిన పెట్టెలోనే వైఫై వస్తున్నవారికి ఈ పద్ధతితో పెద్దగా పని ఉండదు. అలాంటి చోట ఫోనును నేరుగా ఆ వైఫైకే కలుపుకోవడం మంచిది. మధ్యలో ల్యాప్‌టాప్‌ను పెడితే వేగం తగ్గడం తప్ప ఒరిగేదేమీ లేదు. అయితే ఇంటర్నెట్ ల్యాప్‌టాప్ దాకా వచ్చి, పక్కనే ఉన్న ఫోనుకు మాత్రం అందని సందర్భాలు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పటికీ తరచుగా ఎదురవుతూనే ఉన్నాయి. ఒంగోలులోనో కావలిలోనో చదువుకునే విద్యార్థికి హాస్టలు గదిలో ఒకే ఒక్క ల్యాన్ కేబుల్ ఇచ్చి ఉండవచ్చు. చీమకుర్తి వైపు గ్రానైటు ఫ్యాక్టరీలో లెక్కలు చూసే గుమాస్తా బల్ల మీదికి కేబుల్ ద్వారా నెట్ వస్తున్నా, చుట్టూ ఇనుప రేకుల షెడ్డు ఉండడం వల్ల ఫోనులో సిగ్నల్ ఒక గీత కూడా నిలవకపోవచ్చు. కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన నెట్‌ను రౌటర్ (నెట్‌ను పలు పరికరాలకు పంచే పెట్టె) లేకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయి. ఈ వ్యాసం వాళ్ళందరి కోసం.

దీనికి విడిగా ఏ పరికరమూ కొననవసరం లేదు, ఏ సాఫ్ట్‌వేరూ దింపుకోనవసరం లేదు. హాట్‌స్పాట్ (ఒక పరికరంలోని నెట్‌ను వైఫైగా మిగతావాటికి పంచే ఏర్పాటు) పెట్టిస్తామంటూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రోగ్రాముల జోలికి వెళ్ళవద్దని గట్టిగా చెబుతున్నాను. విండోస్ 10లో 2016 ఆగస్టు నాటి అప్‌డేట్ నుంచి ‘మొబైల్ హాట్‌స్పాట్’ అనే సదుపాయం సిస్టంలోనే ఉంది, విండోస్ 11లోనూ ఉంది. ఉన్నదాన్ని వదిలి, ఎవరు తయారు చేశారో తెలియని ప్రోగ్రాం చేతిలో మన నెట్‌వర్క్ మొత్తాన్ని పెట్టడంలో అర్థం లేదు.

రెండు దారులు

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో స్థిరపరచుకుంటే మిగతాదంతా తేలిక అవుతుంది. ఇంటర్నెట్ ల్యాప్‌టాప్‌లోకి వచ్చే దారి ఒకటి, ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకు వెళ్ళే దారి మరొకటి. వచ్చే దారి ల్యాన్ కేబుల్ కావచ్చు, సిమ్ వేసి వాడే యూఎస్‌బీ డాంగిల్ కావచ్చు, ఇంకో వైఫై కూడా కావచ్చు. వెళ్ళే దారి మాత్రం ఈ పద్ధతిలో ల్యాప్‌టాప్‌లోని వైఫై పరికరమే. ఏ ఇబ్బంది వచ్చినా అది ఈ రెండింటిలో ఒకదానిలోనో, రెండూ కలిసే చోటనో ఉంటుంది. సంగం ఆనకట్ట దగ్గర పెద్ద కాలువలోకి నీళ్ళు వదలకపోతే, పొలం గట్టున పిల్లకాలువ ఎంత తవ్వినా మడి తడవదు. అలాగే ల్యాప్‌టాప్‌లోనే నెట్ లేనప్పుడు ఫోను సెట్టింగులు ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

రెండు దారులూ కలిసే చోట ల్యాప్‌టాప్ చేసే పని ఏమిటో కొంచెం తెలిసి ఉండడం కూడా అవసరం. హాట్‌స్పాట్ ఆన్ చేయగానే ల్యాప్‌టాప్ ఒక చిన్న రౌటర్‌గా మారుతుంది. తనకు తాను 192.168.137.1 అనే చిరునామాను పెట్టుకుని, కలిసిన ప్రతి ఫోనుకూ 192.168.137తో మొదలయ్యే ఒక చిరునామాను కేటాయిస్తుంది. ఫోను అడిగిన ప్రతిదాన్నీ తానే అడిగినట్టు బయటికి పంపి, వచ్చిన జవాబును తిరిగి ఫోనుకు అందజేస్తుంది. అందువల్ల అవతలి నెట్‌వర్క్‌కు కనబడేది ల్యాప్‌టాప్ ఒక్కటే. ఒక లాగిన్‌తో ఒకే పరికరానికి అనుమతి ఉన్న చోట ఫోను కూడా పనిచేయడానికి కారణం ఇదే. ఫోనులో ఎవరు ఏం చేసినా అది మీ ల్యాప్‌టాప్ పేరు మీదే నమోదు కావడానికి కారణం కూడా ఇదే. హాస్టలు నెట్ అయితే వార్డెన్‌ను, ఆఫీసు నెట్ అయితే ఆ పని చూసేవారిని ముందుగా ఒక మాట అడిగి పెట్టుకోవడం సబబు. చాలా సంస్థల్లో ఇలా పంచుకోవడం నిబంధనలకు విరుద్ధం.

ముందుగా చూసుకోవలసినవి

ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి, ఇంతకుముందు ఎప్పుడూ చూడని ఏదైనా ఒక పేజీని తెరవండి. రోజూ చూసే పేజీ అయితే నెట్ లేకపోయినా పాత కాపీ కనబడి మోసపోయే అవకాశం ఉంది. హాస్టళ్ళలో, కాలేజీల్లో ముందుగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే లాగిన్ పేజీ వస్తుంది. అక్కడ లాగిన్ పూర్తి చేసి, పేజీ సక్రమంగా తెరుచుకున్న తరువాతే ముందుకు వెళ్ళాలి.

తరువాత ల్యాప్‌టాప్ వైఫై ఆన్‌లో ఉందో లేదో చూడండి. ల్యాన్ కేబుల్‌తో నెట్ వాడేవారు వైఫైతో పనేముందని దాన్ని ఆపి ఉంచడం మామూలే. కానీ ఫోనుకు వెళ్ళే దారి అదే కాబట్టి, ఏ నెట్‌వర్క్‌కూ కలవకపోయినా సరే, అది ఆన్‌లో ఉండి తీరాలి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో పక్కన చిన్న మీట ఉంటుంది. మరికొన్నింటిలో ఎఫ్‌ఎన్ మీటతో కలిపి పైవరుసలోని ఒక మీట నొక్కాలి. ఏరోప్లేన్ మోడ్ ఆన్‌లో ఉంటే తీసివేయాలి. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో చాలావాటికి వైఫై ఉండదు. వాటికి యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి తెచ్చి పెడితే, కింద చెప్పే పద్ధతే వాటికీ వర్తిస్తుంది.

విండోస్ 10, 11లలో చేసే విధానం

కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న మీటను, ఐ అక్షరాన్ని కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. అందులో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’లోకి వెళ్ళి ‘మొబైల్ హాట్‌స్పాట్’ను ఎంచుకోండి. అక్కడ పైన ఆన్, ఆఫ్ మీట కనబడుతుంది. తొందరపడి వెంటనే దాన్ని నొక్కకుండా, ముందు కింద ఉన్న అంశాలను సరిచేసుకోవడం మేలు.

మొదటిది ‘షేర్ మై ఇంటర్నెట్ కనెక్షన్ ఫ్రమ్’ అనే గడి. ఇది వచ్చే దారి. ల్యాన్ కేబుల్‌తో నెట్ వస్తుంటే ‘ఈథర్‌నెట్’ అనీ, వైఫైతో వస్తుంటే ‘వైఫై’ అనీ ఎంచుకోవాలి. రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కేబుల్‌తో నెట్ వస్తూ ఉండగా ఈ గడిలో వైఫై అని ఉండిపోతే, ఫోను హాట్‌స్పాట్‌కు చక్కగా కలుస్తుంది గానీ ఒక్క పేజీ కూడా తెరుచుకోదు.

రెండవది ‘షేర్ ఓవర్’ అనే గడి. ఇది వెళ్ళే దారి. ఇందులో వైఫై, బ్లూటూత్ అని రెండు ఉంటాయి. బ్లూటూత్ వేగం వైఫైతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి వైఫైనే ఉంచండి.

మూడవది నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్. విండోస్ తానే ఏదో ఒక పేరు, పాస్‌వర్డ్ పెట్టి ఉంచుతుంది. ‘ఎడిట్’ నొక్కి వాటిని మార్చుకోవచ్చు. విండోస్ 11లో అయితే ముందు ‘ప్రాపర్టీస్’ను విప్పితే ఎడిట్ కనబడుతుంది. పేరును తెలుగులో పెట్టుకోవాలన్న కోరిక సహజమే గానీ, దానికి ఒక హద్దు ఉంది. వైఫై పేరుకు దొరికే చోటు 32 బైట్లు మాత్రమే. ఇంగ్లీషు అక్షరం ఒక్కొక్కటి ఒక బైటు తీసుకుంటే, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, వత్తు కోసం వాడే పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ‘నెల్లూరు’ అన్న ఒక్క మాటే 24 బైట్లు. దాని పక్కన ‘ఇల్లు’ అని చేర్చుదామంటే చోటు చాలదు. పైగా పాత ఫోన్లలో తెలుగు పేరు పిచ్చి గుర్తులుగా కనబడే ప్రమాదం ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో, ఖాళీలు లేకుండా, చిన్న పేరు పెట్టుకోవడమే క్షేమం.

పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు ఉండాలి, గరిష్ఠంగా 63 వరకూ పెట్టవచ్చు. సొంత ఫోను నంబరు, ఏపీ 26తోనో ఏపీ 27తోనో మొదలయ్యే బండి నంబరు, పిల్లల పేరు పక్కన 123 వంటివి పెట్టవద్దు. పక్క గదిలోని కుర్రవాడు మొదట ప్రయత్నించేవి అవే. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, మధ్యలో ఒకటి రెండు అంకెలు వేస్తే, గుర్తుంచుకోవడానికీ తేలిక, ఊహించడానికీ కష్టం.

‘ఎడిట్’ నొక్కితే వచ్చే అదే పెట్టెలో ‘బ్యాండ్’, అంటే వైఫై నడిచే తరంగాల శ్రేణి, అన్న నాలుగవ అంశం ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్, ఏదైనా సరే అన్న వాటిలో ఒకటి ఎంచుకోమంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ గానీ గోడ దాటేసరికి బాగా బలహీనపడుతుంది. 2.4లో వేగం తక్కువైనా దూరం పోతుంది, పైగా ఎంత పాత ఫోనైనా దాన్ని పట్టుకుంటుంది. ఒకే గదిలో, కొత్త ఫోనుతో వాడుకునేవారికి 5 మంచిది. ముందు గదిలో ల్యాప్‌టాప్ పెట్టి, వంటింట్లో ఉన్నవారి ఫోనుకు నెట్ అందాలంటే 2.4 ఎంచుకోండి. అడుగున్నర మందం గోడలతో కట్టిన పాత మిద్దెల్లో 5 గిగాహెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

ఇవన్నీ సరిచూసుకుని ‘సేవ్’ నొక్కి, పైనున్న మీటను ఆన్ చేయండి. ఆ తరువాత ఇదే పేజీలో, ఎనిమిదింటిలో ఎన్ని పరికరాలు కలిశాయో, వాటి పేర్లు, చిరునామాలు ఏమిటో కనబడతాయి. ఎనిమిది పరికరాలకు మించి విండోస్ అనుమతించదు. రోజూ వాడేవారు ప్రతిసారీ సెట్టింగ్స్ తెరవనక్కరలేదు. గడియారం పక్కన ఉండే నెట్‌వర్క్ గుర్తును నొక్కితే తెరుచుకునే చిన్న పెట్టెలో మొబైల్ హాట్‌స్పాట్ మీట కూడా ఉంటుంది.

ఫోనులో చేయవలసినది

ఫోనులో వైఫై ఆన్ చేసి, జాబితాలో మీరు పెట్టిన పేరును నొక్కి, పాస్‌వర్డ్ కొడితే చాలు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు తేడా లేకుండా కొట్టడం వల్లనే ఎక్కువసార్లు తిరస్కారం వస్తుంది. పాస్‌వర్డ్ గడి పక్కనున్న కన్ను గుర్తును నొక్కి, కొట్టినది కళ్ళారా చూసుకోండి.

కలిసిన తరువాత ఒక పరీక్ష చేయడం అలవాటు చేసుకోవాలి. ఫోనులో మొబైల్ డేటాను పూర్తిగా ఆపివేసి, అప్పుడు ఏదైనా పేజీ తెరవండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకూ వైఫైలో నెట్ రావడం లేదని గ్రహించగానే చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. హాట్‌స్పాట్ పనిచేస్తోందని మనం అనుకుంటూ ఉండగానే, ఆ రోజుకిచ్చిన డేటా అంతా అయిపోతుంది.

ల్యాప్‌టాప్‌కు వచ్చే నెట్‌కు నెలవారీ పరిమితి ఉన్నట్లయితే మరో జాగ్రత్త అవసరం. ఫోను దృష్టిలో ఇది మామూలు వైఫై కాబట్టి, యాప్‌ల అప్‌డేట్లను, ఫోటోల బ్యాకప్‌ను ఇదే అదనుగా మొదలుపెడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై వివరాల్లోకి వెళ్ళి దాన్ని ‘మీటర్డ్’గా, అంటే డేటాకు పరిమితి ఉన్నదిగా, గుర్తించమని చెప్పాలి. ఐఫోనులో ‘లో డేటా మోడ్’ ఆన్ చేయాలి.

ఇంట్లో సిగ్నల్ సరిగా రానివారికి ఈ హాట్‌స్పాట్ వల్ల ఇంకో మేలు ఉంది, దాన్ని ఎక్కువమంది వాడుకోవడం లేదు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులోనూ, జియో 2020 జనవరిలోనూ వైఫై కాలింగ్‌ను మన దేశంలో ప్రారంభించాయి. ఫోను, సిమ్ రెండూ దానికి అనుకూలమైనవైతే, ఫోను సెట్టింగుల్లో ‘వైఫై కాలింగ్’ను ఆన్ చేసుకుంటే చాలు, టవరు సిగ్నల్ లేకపోయినా మామూలు నంబరుకే కాల్స్ వస్తాయి, పోతాయి. పైన చెప్పిన రేకుల షెడ్డు పక్కన ఆఫీసు గదిలో కూర్చున్న గుమాస్తా, ఫోను పట్టుకుని లారీల మధ్యకు నడిచి వెళ్ళి మాట్లాడవలసిన అవసరం ఇక ఉండదు. ఈ ఒక్క ఉపయోగం కోసమైనా ఇది నేర్చుకోదగిన పని అని నా అభిప్రాయం.

వైఫై నుంచి వైఫైకే పంచేటప్పుడు

ల్యాప్‌టాప్‌కు వచ్చే నెట్ కూడా వైఫైదే అయినప్పుడు, ఒకే పరికరం ఒక చెవితో వింటూ ఇంకొక నోటితో చెప్పవలసి వస్తుంది. వైఫైలో ఒక సమయంలో ఒకటే జరుగుతుంది కాబట్టి, ఫోనుకు అందే వేగం ల్యాప్‌టాప్‌కు వచ్చే వేగంలో ఇంచుమించు సగానికి పడిపోవచ్చు. ఇది మీ ల్యాప్‌టాప్ లోపం కాదు, ఆ పద్ధతి స్వభావమే అంత.

ఇందులో మరో చిక్కు ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలోని వైఫై పరికరం ఒక సమయంలో ఒకే బ్యాండ్ మీద నిలబడగలదు. ల్యాప్‌టాప్ అవతలి రౌటర్‌కు 5 గిగాహెర్ట్జ్‌లో కలిసి ఉంటే, హాట్‌స్పాట్ కూడా 5లోనే బయటికి వస్తుంది. మీరు సెట్టింగుల్లో 2.4 అని ఎంచుకోబోయినా ఆ అవకాశం మూసుకుపోయి ఉంటుంది. ఇక 2.4 మాత్రమే పట్టుకోగల చవక ఫోను మీ దగ్గర ఉంటే, పక్కనే పెట్టినా దానిలో హాట్‌స్పాట్ పేరు కనబడదు. అవతలి రౌటర్ రెండు బ్యాండ్లనూ వేర్వేరు పేర్లతో ఇస్తుంటే, ల్యాప్‌టాప్‌ను 2.4 పేరుకు కలిపి, హాట్‌స్పాట్‌ను ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి. కారణం తెలియక ల్యాప్‌టాప్‌ను రిపేరు షాపుకు తీసుకువెళ్ళవలసిన పని లేదు.

కేబుల్ నెట్‌కు డయల్ చేయవలసి వస్తే

కొన్ని కేబుల్ కనెక్షన్లలో తీగ పెట్టగానే నెట్ రాదు. ల్యాప్‌టాప్‌లో ‘బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్’ అనేదాన్ని తెరిచి, ఆపరేటర్ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ చేయాలి. ఇలాంటి కనెక్షన్‌ను మొబైల్ హాట్‌స్పాట్ ఒక్కోసారి సరిగా అందుకోదు. అప్పుడు పాత పద్ధతిలో చేతితో కలపాలి.

ముందు మొబైల్ హాట్‌స్పాట్‌ను ఆన్ చేయండి. తరువాత కంట్రోల్ ప్యానెల్‌లో ‘నెట్‌వర్క్ కనెక్షన్స్’ తెరిస్తే ల్యాప్‌టాప్‌లోని దారులన్నీ గుర్తులుగా కనబడతాయి. వాటిలో ‘లోకల్ ఏరియా కనెక్షన్’ అని ఉండి పక్కన నక్షత్రం గుర్తు, ఒక అంకె ఉన్నది హాట్‌స్పాట్. దాని అంకెను ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో ‘షేరింగ్’ అన్న భాగానికి వెళ్ళి, ఇతరులు ఈ కంప్యూటర్ ద్వారా ఇంటర్నెట్ వాడుకోవచ్చనే మొదటి గడిలో టిక్ పెట్టండి. కింద ఎవరికి పంచాలో అడిగే చోట, రాసుకున్న అంకె ఉన్న కనెక్షన్‌నే ఎంచుకోండి. ఓకే నొక్కి, బ్రాడ్‌బ్యాండ్‌ను ఒకసారి తెంచి మళ్ళీ కలిపితే, ఫోనుకు నెట్ వస్తుంది. షేరింగ్ అన్న భాగమే కనబడకపోతే, మీరు వాడుతున్నది అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ కాదేమో చూసుకోండి.

పని చేయనప్పుడు వెతకవలసిన వరుస

హాట్‌స్పాట్ మీట అసలు ఆన్ కాకపోతే, వచ్చే దారిని మొదట చూడాలి. ల్యాప్‌టాప్ ఏ నెట్‌వర్క్‌కూ కలవకుండా ఉంటే విండోస్ ఈ సదుపాయాన్ని ఆన్ చేయనివ్వదు. నెట్ ఉన్నా ఆన్ కాకపోతే, స్టార్ట్ గుర్తు మీద కుడి బటన్ నొక్కి ‘డివైస్ మేనేజర్’ తెరవండి. ‘వ్యూ’లో దాగి ఉన్న పరికరాలను కూడా చూపమని చెప్పి, ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ కింద ‘మైక్రోసాఫ్ట్ వైఫై డైరెక్ట్ వర్చువల్ అడాప్టర్’ ఉందేమో వెతకండి. హాట్‌స్పాట్‌ను నడిపేది అదే. దాని మీద కిందికి చూపే బాణం గుర్తు ఉంటే ఎవరో దాన్ని ఆపివేశారని అర్థం, కుడి బటన్ నొక్కి ‘ఎనేబుల్’ చేయాలి. అసలు ఆ పేరే లేకపోతే వైఫై డ్రైవర్, అంటే ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, సరైనది కాకపోవచ్చు. ల్యాప్‌టాప్ తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన వైఫై డ్రైవర్‌ను తెచ్చి వేయాలి. ఆ తరువాత స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని వెతికి తెరిచి, ‘ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్’ అన్నది ఆపివేసి ఉందేమో కూడా చూడాలి.

ఫోనులో పేరు కనబడుతోంది గానీ కలవడం లేదంటే, చాలావరకూ అది పాత పాస్‌వర్డ్ సమస్య. ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ మార్చారు, ఫోను మాత్రం పాతదాన్నే గుర్తుంచుకుని దానితోనే తలుపు తడుతూ ఉంటుంది. ఫోనులో ఆ పేరును ‘ఫర్గెట్’ చేసి కొత్తగా కలపండి. పాస్‌వర్డ్ సరైనదే అయినా, ఐపీ అడ్రస్ కోసం చూస్తున్నట్టు చూపిస్తూ అక్కడే ఆగిపోతే, ల్యాప్‌టాప్ ఫోనుకు చిరునామా ఇవ్వలేకపోతోందన్న మాట. విడిగా కొన్న యాంటీవైరస్ ఏదైనా ఉంటే, దాని ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను కాపలా కాసే భాగం) అడ్డుపడుతున్న అవకాశమే ఎక్కువ. దాన్ని కొద్ది నిమిషాలు ఆపి చూడండి. తేడా కనబడితే, దాని సెట్టింగుల్లో ఈ నెట్‌వర్క్‌ను నమ్మదగినదిగా గుర్తించి, ఫైర్‌వాల్‌ను తిరిగి ఆన్ చేయండి. శాశ్వతంగా ఆపి ఉంచకూడదు.

కలిసింది గానీ నెట్ లేదని ఫోను చెప్పడం అన్నింటికంటే ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది. అప్పుడు ఫోనును పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌లో ఒక కొత్త పేజీ తెరవండి. అక్కడ కూడా తెరుచుకోకపోతే లాగిన్ గడువు తీరిపోయి ఉండవచ్చు, లేదా ఫైబర్ పెట్టెలో ఎర్ర దీపం వెలుగుతూ ఉండవచ్చు. ల్యాప్‌టాప్‌లో చక్కగా వస్తూ ఫోనులో మాత్రమే రాకపోతే, వచ్చే దారిని సరిగా ఎంచుకున్నారో లేదో మరొకసారి చూడండి. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా మళ్ళించే ప్రోగ్రాం) నడుస్తుంటే ఆపి చూడండి, అది రెండు దారులకూ మధ్యలో నిలబడి అడ్డుకోవచ్చు. అప్పటికీ రాకపోతే, ఆండ్రాయిడ్ 9, ఆ తరువాతి ఫోన్లలో ఉండే ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ను (వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే సర్వర్‌ను మనమే ఎంచుకునే సెట్టింగును) పరిశీలించాలి. ప్రకటనలు రాకుండా చేసుకోవడానికి చాలామంది కుర్రవాళ్ళు అందులో ఏదో ఒక పేరు కొట్టి పెట్టుకుంటారు. కొన్ని కాలేజీ నెట్‌వర్క్‌లు అలాంటివాటిని దాటనివ్వవు. దాన్ని ‘ఆటోమేటిక్’కు మార్చగానే అంతవరకూ ఆగిన నెట్ వచ్చేస్తుంది.

కొంతసేపు బాగా పనిచేసి తరువాత దానంతట అదే ఆగిపోతుంటే, కారణం విద్యుత్ పొదుపు సెట్టింగుల్లో ఉంటుంది. మొబైల్ హాట్‌స్పాట్ పేజీలోనే ‘పవర్ సేవింగ్’ అనే మీట ఉంది. అది ఆన్‌లో ఉంటే, ఏ పరికరమూ కలవకుండా కొద్ది నిమిషాలు గడిచాక విండోస్ హాట్‌స్పాట్‌ను ఆపివేస్తుంది. ఫోను పట్టుకుని అంగడి దాకా వెళ్ళి వచ్చేసరికి నెట్ లేకపోవడం ఇందువల్లే. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకున్నా హాట్‌స్పాట్ ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ కింద పవర్‌కు సంబంధించిన పేజీలో, చార్జరు పెట్టి ఉన్నప్పుడు స్లీప్ ‘నెవర్’ అని ఉంచండి. స్క్రీను మాత్రం ఆరిపోనివ్వవచ్చు, దానివల్ల హాట్‌స్పాట్‌కు ఏమీ కాదు. మూత మూసినా నడవాలనుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో మూత మూసినప్పుడు ‘డూ నథింగ్’ అని పెట్టవచ్చు గానీ, మూసిన ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టవద్దు. రోహిణి కార్తె ఎండలకు మధ్యాహ్నం గది ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు, ఆ వేడికి లోపలి ఫ్యాను గాలి కూడా ఆడకపోతే బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

కరెంటు పోయినప్పుడు

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా, కరెంటు పోయినా ఫోనుకు నెట్ అందుతూనే ఉంటుందని కొందరు భావిస్తారు. వెళ్ళే దారి బ్యాటరీ మీద నడుస్తుంది, నిజమే. కానీ గోడ మీది ఫైబర్ పెట్టె కరెంటుతో పాటే ఆరిపోతే వచ్చే దారి తెగిపోతుంది. ఇలాంటి పెట్టెలు చాలావరకూ 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి. వాటికోసమే దొరికే చిన్న యూపీఎస్‌ను మధ్యలో కలిపితే, ఇల్లంతటికీ ఇన్వర్టర్ లేకపోయినా నెట్ నిలుస్తుంది. కొనే ముందు అడాప్టర్ మీద ముద్రించిన వోల్టులు, ఆంపియర్లు చూసి, దానికి సరిపోయేదే తీసుకోవాలి. తుఫాను రోజుల్లో తీరం వెంబడి గంటల తరబడి కరెంటు లేకపోవడం మనకు కొత్త కాదు కాబట్టి, ఇంటి నుంచి పనిచేసేవారు దీన్ని అదనపు ఖర్చుగా భావించకూడదు.

విండోస్ కాని ల్యాప్‌టాప్‌లు

యాపిల్ మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, షేరింగ్ అన్న వరుసలో వెళితే ‘ఇంటర్నెట్ షేరింగ్’ కనబడుతుంది. వచ్చే దారి ఈథర్‌నెట్ అనీ, వెళ్ళే దారి వైఫై అనీ ఎంచుకుని, వైఫై ఆప్షన్లలో పేరు, పాస్‌వర్డ్ పెట్టి ఆన్ చేయాలి. మ్యాక్ వైఫైతో తీసుకుని వైఫైతోనే ఇవ్వదు. కేబుల్ తప్పనిసరి.

ఉబుంటు వాడేవారు సెట్టింగ్స్‌లోని వైఫై పేజీలో పైనున్న మూడు చుక్కలను నొక్కి ‘టర్న్ ఆన్ వైఫై హాట్‌స్పాట్’ ఎంచుకోవాలి. ఇక్కడ కూడా నెట్ కేబుల్ ద్వారా వస్తూ ఉండాలి, ఎందుకంటే హాట్‌స్పాట్ ఆన్ కాగానే అంతవరకూ ఉన్న వైఫై కనెక్షన్ తెగిపోతుంది. విండోస్ 7 ల్యాప్‌టాప్‌లలో ఈ మీట లేదు, కమాండ్లతో చేయాలి. దానికి మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి కాబట్టి, అలాంటి ల్యాప్‌టాప్‌ను పదిమంది ఫోన్లకు రౌటర్‌గా నిలబెట్టమని నేను సలహా ఇవ్వను.

ఎవరికి ఇస్తున్నామన్నది

మీ హాట్‌స్పాట్‌కు కలిసిన ఫోను, మీ ల్యాప్‌టాప్ ఉన్న చిన్న నెట్‌వర్క్‌లోకే వచ్చి చేరుతుంది. ల్యాప్‌టాప్‌లో ఏవైనా ఫోల్డర్లను పంచుకుని ఉంటే, అవి వారికి కనబడే అవకాశం ఉంది. అందువల్ల ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్’లో ఫైల్ షేరింగ్‌ను ఆపి ఉంచడం మంచిది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇది మరీ అవసరం. హాట్‌స్పాట్ పేజీలో కలిసిన పరికరాల పేర్లను అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. మీకు తెలియని పేరు ఒకటి కనబడితే ఆ ఒక్కదాన్ని అక్కడి నుంచి తొలగించే మీట విండోస్‌లో లేదు, పాస్‌వర్డ్ మార్చడమే మార్గం. మార్చగానే అందరి ఫోన్లూ తెగిపోతాయి, కావలసినవారికి మాత్రమే కొత్తది చెప్పాలి. గదిలో ఉండే స్నేహితుడు చదువు ముగించుకుని వెళ్ళిపోయినప్పుడు, పనిమీద వచ్చిన అతిథికి ఒక పూట కోసం పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు కూడా ఇలాగే చేయాలి. పని పూర్తయ్యాక హాట్‌స్పాట్ ఆపివేస్తే ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, ల్యాప్‌టాప్‌లో నెట్ వేగం కూడా మునుపటిలా ఉంటుంది.